కింది దవడకు నిధులు లేవు

మా అమ్మ పై పలువరుస మీద ఒక నెంబరుంది. లోపలి వైపు, అంగిటికి తగిలే చోట, నల్ల పెయింటుతో సన్నగా రాసి ఉంటుంది: గో.సం./గృ.యూ.17/దంత-1. ఆవిడ నవ్వితే కనబడదు, ఆవలిస్తే కనబడుతుంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అది చూసి ఇదేంటని అడుగుతాడు. అడిగిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పలేక చస్తున్నాను కాబట్టి ఒకసారి రాసి పారేస్తున్నాను. ఇక మీదట అడిగిన వాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి, నేను నా కాఫీ తాగుతాను.

నాది గోనెసంచుల సంస్థలో సీనియర్ అసిస్టెంటు ఉద్యోగం. నిడదవోలు శాఖ. ధాన్యం కొనుగోలుకు సంచులు పంపడం, తిరిగొచ్చిన సంచుల్లో చిరిగినవెన్నో లెక్కపెట్టడం మా పని. ఇరవయ్యారేళ్ళుగా లెక్కపెడుతున్నాను. మా సంస్థ పదకొండేళ్ళుగా నష్టాల్లో ఉంది. ఎందుకు నష్టపోతోందో కనుక్కోమని ఒక కమిటీ వేశారు. కమిటీ వారు ఒక చల్లని కొండ మీద హోటల్లో నాలుగు రోజులు కూర్చుని, సంచుల జోలికి పోకుండా ఉద్యోగుల జోలికొచ్చారు. ఉద్యోగి ఇంట్లో దుబారా చేస్తాడు. నెలాఖరుకి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఆ దిగులుతో ఆఫీసుకొచ్చి సంచులు తప్పు లెక్కపెడతాడు. సంస్థ నష్టపోతుంది. కాబట్టి సంస్థ బాగుపడాలంటే ముందు ఉద్యోగి వంటిల్లు బాగుపడాలి. నాలుగు రోజుల్లో వాళ్ళు తేల్చింది ఇదీ.

ఏప్రిల్ ఒకటో తారీఖున సర్క్యులర్ వచ్చింది. తేదీ చూసి నవ్వుకున్నాం. రెండో తారీఖున చూస్తే అది అలాగే ఉంది.

"ఇందుమూలముగా యావన్మంది ఉద్యోగులకు తెలియజేయునది ఏమనగా, ప్రతి ఉద్యోగి నివాసమును ఇకపై ఒక గృహ యూనిట్‌గా పరిగణించడమైనది. సదరు ఉద్యోగి జీతము జీతముగా గాక, యూనిట్‌కు గ్రాంటుగా, పద్దుల వారీగా విడుదల చేయబడును. ఉద్యోగి భార్య లేదా భర్త యూనిట్ ఇన్‌చార్జిగా వ్యవహరించవలెను."

బియ్యం ఒక పద్దు, పాలు ఒక పద్దు, బట్టలు, వైద్యం, చిరుతిళ్ళు తలా ఒక పద్దు. బియ్యం పద్దులో మిగిలింది కదా అని ఉప్పు కొంటే నిధుల మళ్ళింపు. ఆస్తి ఏది కొన్నా మూలధన వ్యయం, దానికి వివేకాధికారి మంజూరు కావాలి. మూడు వేలు దాటితే అవసర ధ్రువపత్రం, మూడు కొటేషన్లు, హెడ్డాఫీసు ఆమోదం కూడా కావాలి. అవి లేకుండా కొంటే ఖర్చుకి రెట్టింపు వసూలు, పైగా ఇంక్రిమెంటు కోత.

మా యూనియన్ ఊరుకుంటుందా? హెడ్డాఫీసు ముందు టెంటు వేసి రెండు రోజులు ధర్నా చేసింది. పర్మనెంటు వాళ్ళకే వర్తింపజేయడం అన్యాయమనీ, కాంట్రాక్టు ఉద్యోగుల వంటిళ్ళను కూడా గుర్తించాలనీ డిమాండు చేసి సాధించింది.

ఇక వివేకాధికారి, అంటే ఇళ్ళు వివేకంగా ఖర్చు పెడుతున్నాయో లేదో చూసే మనిషి. ఆయన పేరు త్రివిక్రమరావు గారు. అంతకుముందు మా దగ్గరే సంచుల నాణ్యత చూసేవారు. ప్రతి సంచిలోనూ వేలు పెట్టి చిల్లుందో లేదో తేల్చడం ఆయన విధి. వేలు పెట్టాక చిల్లు లేని సంచి ఆయనకి ఎప్పుడూ దొరకలేదు. ఆ అనుభవాన్ని గుర్తించి ఆయనకి జిల్లాలో ఉన్న వంటిళ్ళన్నీ అప్పగించారు.

మా యూనిట్లో ముగ్గురం. నేను, యూనిట్ ఇన్‌చార్జి హైమ, మా అమ్మ మాణిక్యాంబ. అమ్మకి డెబ్భయ్యారేళ్ళు. ఆవిడకి ప్రపంచంలో ఇష్టమైనది ఒకటే, చేగోడీ. అది కూడా గట్టిగా, కరకరలాడుతూ ఉండాలి. మా నాన్న పోయినప్పుడు పదకొండో రోజు గడవగానే ఆవిడ అడిగింది చేగోడీయే. తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తింది. అలాంటి మనిషికి ఆ జూన్‌లో చిగుళ్ళు వాచిపోయి, ఉన్న పదకొండు పళ్ళూ కదిలిపోయాయి. డాక్టర్ ప్రసూన గారు అన్నీ తీసేశారు. తియ్యడానికి ఏ ఇబ్బందీ రాలేదు, అది వైద్యం పద్దు, మూడు వేల లోపే. కట్టుడు పళ్ళు పెట్టాలంటే పన్నెండు వేలు. అప్పుడు తెలిసింది మాకు, పళ్ళు తీస్తే వైద్యమనీ, పెడితే ఆస్తి అనీ.

నేను అర్జీ రాసి త్రివిక్రమరావు గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"నరసింగరావు గారూ, పాత ఆస్తి స్థానంలో కొత్త ఆస్తి కోరుతున్నారు. పాత ఆస్తి ఉండేదనడానికి రుజువేదీ?"

"రుజువేంటి సార్. డెబ్భయ్యేళ్ళు అన్నం తింది కదా."

"అన్నం పళ్ళు లేకుండా కూడా తినవచ్చును. ఇప్పుడు తింటున్నారు కదా. ఫోటో ఏదైనా ఉంటే జతపరచండి."

ఇల్లంతా వెతికితే అమ్మది పెళ్ళి ఫోటో ఒకటి దొరికింది. పదిహేడేళ్ళ పిల్ల, సిగ్గుతో నోరు బిగించుకుని కూర్చుంది. ఆ ఫోటో చూసి ఆయన "పళ్ళు కనబడుట లేదు" అని మార్జిన్లో రాశారు. చివరికి అమ్మ చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ తణుకులో ఉంటే వెళ్ళి, చిన్నతనంలో మాణిక్యాంబ తనని భుజమ్మీద కొరికిందని స్టాంపు పేపరు మీద రాయించుకొచ్చాను. ఫైలు అక్కడినుంచి కదలడానికి మూడు నెలలు పట్టింది, కదిలి పక్క బల్ల మీదికెళ్ళింది.

ఈలోగా అమ్మ పాలన్నం మింగుతోంది. హైమ రోట్లో గోంగూర పచ్చడి నూరుతుంటే ఆ వాసనకి లేచి వచ్చేది, కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. "అత్తయ్యగారూ, నాకు వదిలెయ్యండి, నేను చూసుకుంటాను" అంది హైమ ఒకరోజు. అప్పట్నుంచి ఆవిడ చూసుకోవడం మొదలుపెట్టింది. పొద్దు వాలాక మార్కెట్‌కెళ్ళి వాడిపోయిన బీరకాయలు సగం ధరకి తెచ్చేది. పాలు అరలీటరు తగ్గించింది. రెండు పండగలకి తన చీర మానేసింది. ఒక్కో పద్దులోంచీ చిటికెడు చిటికెడు తీసి, నోట్లని గొట్టంలా చుట్టి, పోపుల డబ్బాలో ఆవాల అడుగున, ఇంగువ పొట్లం పక్కన దాచింది. జనవరికి పన్నెండు వేలూ పోగయ్యాయి. మంజూరు రాగానే కట్టేద్దామని మా ఆశ.

మంజూరు రాలేదు, తనిఖీ వచ్చింది. త్రివిక్రమరావు గారు చిన్న తక్కెడ పట్టుకుని వంటింట్లోకొచ్చారు. కందిపప్పు తూచారు, చింతపండు తూచారు. ఆవాలు తూచడానికని పోపుల డబ్బా బోర్లించారు. నోట్ల చుట్ట తక్కెడలో పడింది.

ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఇంగువ," అన్నారు. తర్వాత, "ఇదేమిటి?" అన్నారు.

"పొదుపండీ," అంది హైమ. "వివేకంగా ఖర్చు పెట్టుకోమని మీరే కదా చెప్పారు."

"అమ్మా, పొదుపు అనేది నివేదికలో ఉంటుంది. ఇది డబ్బాలో ఉంది. దీనిని ఖర్చు కాని గ్రాంటు అంటారు." ఆయన కుర్చీ లాక్కుని, పాఠం చెబుతున్నట్టు చెప్పారు. "మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటిలోగా ఖర్చు కాని గ్రాంటు సంస్థకు తిరిగి జమ అవుతుంది. అంతేగాక, ఈ ఏడాది పన్నెండు వేలు మిగిలాయంటే ఆ పన్నెండు వేలు మీ యూనిట్‌కు అక్కరలేదని అర్థం. వచ్చే ఏడాది మీ గ్రాంటులో అంత కోత పడుతుంది."

"మరి అత్తయ్యగారి పళ్ళకి పెట్టేస్తాం. ఇవాళే పెట్టేస్తాం."

"దానికి మంజూరు కావాలి."

"మంజూరు చెయ్యాల్సింది మీరే కదండీ."

"కావచ్చును. కానీ నేను ఇప్పుడు తనిఖీకి వచ్చాను, మంజూరుకు రాలేదు," అని ఆయన ఆ మొత్తాన్ని రిజిస్టర్లో ఎక్కించి, హైమ చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు.

మా ఒక్క ఇల్లే కాదు. ఆ జనవరి, ఫిబ్రవరిల్లో పొదుపు చేసిన ప్రతి ఇల్లూ ఇలాగే పట్టుబడింది. బియ్యం డబ్బాల్లో, దేవుడి పటాల వెనక, పాత చెప్పుల పెట్టెల్లో ఖర్చు కాని గ్రాంటు బయటపడింది. ఇక మార్చి నెలొచ్చింది చూడండి, మా కాలనీకి పిచ్చెత్తింది. వచ్చే ఏడు కోత పడకూడదంటే ప్రతి పద్దూ సున్నా అయిపోవాలి. మా ఎదురింటి టైపిస్టు గారు బట్టల పద్దు మిగిలిపోయిందని నలభై బనీన్లు కొన్నారు. గొడుగులు బట్టల పద్దు కిందికే వస్తాయని ఎవరో కనిపెడితే, ఎండలు మండిపోతున్న మార్చిలో ఊళ్ళో గొడుగన్నది లేకుండా పోయింది. గోడౌన్ సూపర్‌వైజరు గారికి వైద్యం పద్దు మిగిలింది. ఆయన బంగారంలాంటి ఎడమ కాలికి ఎక్స్‌రే తీయించుకుని, ఇంకా మిగిలితే కుడి కాలికీ తీయించుకున్నారు. రెండూ బాగున్నాయని తేలాక కూడా పన్నెండొందలు మిగిలి, దిగులుతో ఆయనకి బీపీ వచ్చింది. ఆ బీపీతో పద్దు సరిపోయింది.

మేము ఏమీ కొనలేదు. మార్చి ఇరవయ్యెనిమిది వచ్చినా పన్నెండు వేలూ పోపుల డబ్బాలోనే ఉన్నాయి. అమ్మ పాలన్నమే తింటోంది. ఆ పూట నేను క్యాంటీన్లో తల పట్టుకుని కూర్చుంటే మస్తాన్ గారొచ్చి పక్కన కూర్చున్నారు. మస్తాన్ గారు మా అకౌంట్స్ సూపరింటెండెంటు. రిటైరవడానికి మూడు నెలలుంది. అంతకుముందు రోడ్ల శాఖలో పనిచేసి మా దగ్గరికొచ్చిన మనిషి.

"నరసింగరావు గారూ, పన్నెండు వేల పని కాబట్టి కదా ధ్రువపత్రం, కొటేషన్లు, హెడ్డాఫీసు అంటున్నారు," అన్నారాయన టీ ఊదుకుంటూ. "మూడు వేల లోపు పనులైతే? వివేకాధికారి సంతకం ఒక్కటి చాలు."

"పళ్ళసెట్టు మూడు వేలకి ఎవరిస్తారండీ."

"సెట్టు ఎవరు అడగమన్నారు మిమ్మల్ని? మేము రోడ్లకి ఏం చేసేవాళ్ళం? పది మైళ్ళ రోడ్డుకి టెండరు పిలవాలంటే ఏడాది. అదే ఫర్లాంగు ఫర్లాంగుగా విడగొడితే టెండరు అక్కర్లేదు, సాయంత్రానికి పని మొదలు. మీ అమ్మగారి నోరు నాలుగు ముక్కలు చెయ్యండి. ఎగువ దవడ కుడి, ఎగువ దవడ ఎడమ, దిగువ కుడి, దిగువ ఎడమ. ఒక్కోటి రెండు వేల తొమ్మిదొందల తొంభై. డాక్టరమ్మతో నేను మాట్లాడతాను. ఆ మిగతా నలభై రూపాయలు ఆవిడే వదిలేస్తుంది."

నేను లేచి ఆయన చేతులు పట్టుకున్నాను. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో నాకు ఎవరి మీదా అంత ప్రేమ కలగలేదు.

డాక్టర్ ప్రసూన గారు రెండు రోజుల్లో అమ్మకి కొలతలు తీసి, రెండు వరుసలూ తయారు చేయించి తన దగ్గర ఉంచారు. మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం నేనూ మస్తాన్ గారూ నాలుగు ఫైళ్ళు పట్టుకుని వివేకాధికారి గదిలోకెళ్ళాం. బయట వరండాలో గొడుగులవాళ్ళు, బనీన్లవాళ్ళు బిల్లులతో క్యూ కట్టి ఉన్నారు.

త్రివిక్రమరావు గారు నాలుగు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చూశారు. "ఒకే నోటికి నాలుగు పనులా?"

"ఒకే రోడ్డుకి నలభై పనులు చేశాం సార్ మేము," అన్నారు మస్తాన్ గారు. "ఎవరూ అడగలేదు. రోడ్డు కూడా అడగలేదు."

ఆయనకి అది నచ్చింది. మొదటి ఫైలు మీద "ఎగువ దవడ కుడి విభాగమునకు మంజూరు చేయడమైనది" అని రాసి సంతకం పెట్టారు. రెండోదీ పెట్టారు. దిగువ దవడ కుడి విభాగం ఫైలు తెరిచి, కలం మూత తీసి, "పరిశీలించి" అని రాశారు. ఫోన్ మోగింది. ఆయన లేచి నిలబడి మాట్లాడారు, కాబట్టి హెడ్డాఫీసు అని మాకర్థమైంది.

ఫోన్ పెట్టేసి కలానికి మూత పెట్టేశారు. "మూలధన పద్దులన్నీ నాలుగున్నరతో స్తంభింపజేశారు."

నేను గోడ గడియారం వైపు చూశాను. నాలుగూ ముప్పై మూడు.

"సార్, మూడు నిమిషాలు. పరిశీలించి అని రాశారు కూడా. మంజూరు అని ఒక్క మాట రాసెయ్యండి సార్."

"పరిశీలించాను కదా. పరిశీలన వృథా పోదు, ఫైలులో ఉంటుంది."

కాళ్ళ మీద పడదామనుకున్నాను, నిజం చెబుతున్నాను. మస్తాన్ గారు నా భుజం పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. హైమకి ఫోన్ చేసి పై పళ్ళకి మాత్రం కట్టమన్నాను. మిగతా ఆరు వేలూ అయిదింటికి పోతాయని చెప్పాను.

"ఏ పద్దులో డబ్బు మిగిలుందండీ, మంజూరు అక్కర్లేనిది?" అంది.

రిజిస్టరు చూశాను. "చిరుతిళ్ళు. అమ్మ తినట్లేదు కదా, ఏడాది మొత్తం అలాగే ఉంది."

"సరే," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి హాల్లో నాలుగు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఇరవై కిలోల చేగోడీలు. గాంధీబొమ్మ దగ్గర మిఠాయికొట్లో ఉన్నవన్నీ హైమ ఊడ్చి తెచ్చేసింది. "నా కష్టం వాళ్ళ చేతుల్లో పొయ్యడం కన్నా డబ్బాల్లో పోసుకోవడం నయం" అని, డబ్బాల పక్కన నేల మీద కూర్చుని ఏడ్చింది. అమ్మ పై పలువరుస పెట్టుకుని, ఒక చేగోడీ చేతిలో పట్టుకుని, తిప్పి తిప్పి చూస్తోంది. కొరుకుదామంటే కింద ఆసరా లేదు. కాసేపు చప్పరించి, తుడిచి, డబ్బాలో వెయ్యబోయి, మానేసి కొంగులో కట్టుకుంది.

నూటికి నూరు శాతం ఖర్చు చేసినందుకు మాది ఉత్తమ యూనిట్‌గా ఎంపికైంది. ఒక షీల్డు ఇచ్చారు. చిరుతిళ్ళ మీద మేము చూపిన శ్రద్ధకి ఆ పద్దు రెట్టింపు చేశారు. కింది పళ్ళకి మళ్ళీ అర్జీ పెడితే వారం తిరక్కుండా జవాబొచ్చింది. మా సంస్థ చరిత్రలో అంత త్వరగా ఏ జవాబూ రాలేదు. "గత సంవత్సరము సదరు పద్దు కింద ఎటువంటి వ్యయము జరగనందున, కింది దవడకు నిధులు లేవు."

ఏప్రిల్ ఆఖర్లో త్రివిక్రమరావు గారు వినియోగ ధ్రువపత్రం కోసం మా ఇంటికొచ్చారు. ఆస్తి కొన్న ముప్పై రోజుల్లో అది వాడకంలో ఉందని అధికారి కళ్ళారా చూసి రాయాలట. అమ్మ చేత పలువరుస తీయించారు, నెంబరు వేయించారు, మళ్ళీ పెట్టించారు.

"అమ్మగారూ, ఏదైనా నమలండి."

ఇంట్లో నమలడానికి చేగోడీలు తప్ప ఏముంది? ఇరవై కిలోల్లో ఒక కిలో కూడా తరగలేదు. నెలరోజులు డబ్బాలో ఉండి అవి గులకరాళ్ళయ్యాయి. హైమ ప్లేటు నిండా పోసి తెచ్చింది. అమ్మ ఒకటి నోట్లో పెట్టుకుని తిప్పలు పడింది.

"నమలుట లేదు. చప్పరించుచున్నారు," అని ఆయన రాసుకున్నారు. కలం గడ్డానికి ఆనించి ఆలోచించారు. "లోపము ఆస్తిలో ఉన్నదా, వినియోగదారులో ఉన్నదా, పదార్థములో ఉన్నదా అన్నది నిర్ధారించవలసి ఉంటుంది."

"కింద పళ్ళు లేవు సార్. మీరే ఇవ్వలేదు," అన్నాను.

"మీరు ఊహాగానాలు చేయకండి," అని ఆయన ప్లేట్లోంచి గట్టిదిగా కనిపించిన చేగోడీ ఒకటి ఎంచుకుని, పరీక్షార్థం నోట్లో వేసుకుని కొరికారు.

ఆ చప్పుడు వంటింట్లోకి కూడా వినపడిందని హైమ తర్వాత చెప్పింది. ఆయన అరచేతిలోకి ఉమ్మారు. చేగోడీ నిక్షేపంలా ఉంది. దాని పక్కన ఆయన పై పన్ను సగం ఉంది.

అమ్మ చల్లగా లేచి, నోట్లోంచి తన పలువరుస తీసి, కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది. "నాయనా, నీకు పైన పోయింది. నాకు పైనే ఉన్నాయి. నొప్పి తగ్గేదాకా రెండ్రోజులు వాడుకో. నెంబరుంది కదా, ఎక్కడికీ పోవు."

ఆయన చెంప పట్టుకుని, కళ్ళ నీళ్ళతో, "బదలాయింపునకు... హెడ్డాఫీసు... అనుమతి," అని గొణిగి వెళ్ళిపోయారు. పాపం ధ్రువపత్రం మా బల్ల మీదే మర్చిపోయారు.

నాలుగు రోజుల తర్వాత అమ్మకి పలువరుస చిగురు మీద ఒరుసుకుంటోందంటే సరి చేయించడానికి ప్రసూన గారి దగ్గరికి తీసుకెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నాం. లోపలి గది తలుపు తెరుచుకుని, చెంపలో దూది కుక్కుకుని, త్రివిక్రమరావు గారు బయటికొచ్చారు. మమ్మల్ని చూడలేదు. తిన్నగా కౌంటరు దగ్గరికెళ్ళారు.

"ఎనిమిది వేలండీ," అంది కౌంటర్లో అమ్మాయి.

ఎనిమిది వేలంటే మూలధన వ్యయం. అవసర ధ్రువపత్రం, మూడు కొటేషన్లు. నాలుగు రోజుల్లో ఆయనకి ఆయనే మంజూరు చేసుకున్నా, హెడ్డాఫీసు నుంచి రావడానికి నాలుగు నెలలు పడుతుంది. నేను మెడ చాచి చూస్తున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, లోపలి జేబులోంచి గొట్టంలా చుట్టిన నోట్లు తీసి, కౌంటరు మీద పెట్టి విప్పారు. చుట్టలోంచి నాలుగు ఆవగింజలు టపటపా రాలి, కౌంటరు అద్దం మీద దొర్లి, కిందపడి నా కాళ్ళ దగ్గరికొచ్చాయి.

ఆయన తలతిప్పి చూశారు. నేను లేచి నమస్కారం పెట్టాను.

"ఇది వ్యయము కాదు," అన్నారాయన దూది వెనకనుంచి. "ముందస్తు పరిశీలన."

"అవును సార్," అన్నాను.

అంతటితో పోయేదేమో. కానీ అమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఒరేయ్ నరసింగం, ఇంగువ వాసనొస్తోందేంట్రా ఇక్కడ," అంది. తర్వాత ఆయన చేతిలో నోట్లు చూసింది. ఆవిడ ముఖం విప్పారింది. "మీ ఆవిడ కూడా పోపుల డబ్బాలోనే దాస్తుందా నాయనా? మంచి పిల్ల. నా కోడలూ అంతే. ఆ పిల్లని ఏమీ అనకు."

ఎగతాళి కాదు, అమ్మకి ఎగతాళి రాదు. నిజంగానే ఆ ముఖం చూడని ఇల్లాలి మీద ఆవిడకి ప్రేమ పుట్టుకొచ్చింది. త్రివిక్రమరావు గారి ముఖం మాత్రం కందగడ్డయింది. కౌంటర్లో అమ్మాయి నోట్లు లెక్కపెట్టి తుమ్మింది. ఆయన వచ్చి మా బెంచీ చివర కూర్చున్నారు. చాలాసేపు నేల మీద ఆవగింజల వైపే చూశారు. వాళ్ళింట్లో తక్కెడ ఎవరు పట్టుకుంటారా అని నేను ఆలోచిస్తున్నాను.

"మీ కింది దవడ ఫైలు ఎక్కడుంది?" అన్నారు చివరికి.

"మీ సొరుగులోనే సార్. పరిశీలించి అన్న మాట దగ్గర."

మర్నాడు పొద్దున్నే మంజూరు వచ్చింది. నిధులు లేని చోట నిధులు ఎలా వచ్చాయని మీరు అడగొచ్చు, మస్తాన్ గారు కూడా అడిగారు. ఆ ఉత్తర్వు చూసి, రోడ్ల శాఖలో కూడా తనకి ఈ ఆలోచన తట్టలేదని కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "కింది పలువరుస అను వేరొక ఆస్తి లేదు. పై పలువరుస పనిచేయుటకు కింద నుండి ఇవ్వబడు ఆసరాను పై పలువరుస మరమ్మతుగా పరిగణించడమైనది. మరమ్మతులకు నిధులు కలవు." అందుకే అమ్మ కింది పలువరుస మీద ఏ నెంబరూ లేదు. సంస్థ రికార్డుల్లో ఆవిడకి కింద పళ్ళే లేవు.

పళ్ళు పెట్టించుకుని ఇంటికొచ్చిన రోజు ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా డబ్బా దగ్గరికెళ్ళింది గానీ తెరవలేదు. చీర మార్చినప్పుడల్లా మార్చి కట్టుకున్న కొంగు ముడి విప్పి, మార్చి ముప్పై ఒకటి నాటి చేగోడీ తీసింది. కరక్కుమంది. హైమ నా వైపు చూసి, గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంది. నాకు కూడా ఏడుపొచ్చింది. నాకు గోడ దొరకలేదు.

ఆ వారంలోనే కొత్త సర్క్యులర్ వచ్చింది. భోజనాల వేళ వాళ్ళిద్దరికీ చదివి వినిపించాను. "గృహ యూనిట్లలో ఇంగువ వాడకం వలన సంస్థ గోప్యతకు భంగము వాటిల్లుచున్నట్లు వివేకాధికారి దృష్టికి వచ్చినందున, తక్షణమే ఇంగువ కొనుగోలుకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేయడమైనది. ఆవాలను జల్లించిన పిమ్మటనే నిల్వ చేయవలెను."

"చారులోకి ఎలాగరా మరి?" అంది అమ్మ, ఇంకో చేగోడీ తీసుకుంటూ.

హైమ లేచి పోపుల డబ్బా తెరిచి, ఈ నెలలో కొత్తగా చుట్టిన మూడొందలూ తీసి, దులిపి, మెంతుల సీసాలో పెట్టి మూత బిగించింది. నేను మూడో పేరా చదివాను గానీ, అమ్మ నమిలే చప్పుడులో అది ఎవరికీ వినబడలేదు.